చెదలు తినని పేజీలు

ఆ సీరియల్ రాసింది ఎవరో నాకు తెలియదు. ఎప్పుడైనా ఎదురుపడితే మాత్రం కూర్చోబెట్టి కడిగి పారేయాలని రెండేళ్ళు అనుకున్నాను. ఒక్కరే రాశారో, పదిమంది కూర్చుని తలో ముక్కా రాశారో అదీ తెలియదు. ఎవరైతేనేం, ఎవరిదో నవలలోంచి బంగళా ఎత్తుకొచ్చారు, ఏదో పాత సినిమాలోంచి గజ్జెల చప్పుడు తెచ్చారు, ఇంకో సినిమాలోంచి తెల్లచీర తెచ్చారు. వీటన్నిటి ముందూ మా అమ్మని రెండేళ్ళు కూర్చోబెట్టారు. నా కోపం అక్కడ మొదలైంది. అక్కడే ఆగిపోయి ఉంటే ఇది రాయవలసిన పని లేకపోయేది.

మాది చోడవరం. ఇంటి ముందు గదిలోనే నా టైలరింగ్ షాపు. బ్లౌజులు, లంగాలు, ఆడపిల్లల గౌన్లు కుడతాను. వడ్డాది నుంచీ కె.కోటపాడు నుంచీ కూడా వస్తారు. నా కుట్టు గొప్పదని కాదు, చెప్పిన రోజుకి ఇస్తానని. అమ్మ నా మిషను పక్కన చాప మీద కూర్చుని హుక్కులు కుడుతుంది, అంచులు మడిచి చేతికుట్టు వేస్తుంది, చీరలకి ఫాల్ కుడుతుంది. ఆమెకి కుడి కన్ను పూర్తిగా పోయింది, ఎడమది సగం పోయింది. విశాఖపట్నం తీసుకెళ్ళి చూపిస్తే ఇది నీటికాసుల జబ్బు, ఉన్న చూపుని కాపాడుకోవడమే గానీ పోయింది తిరిగి రాదన్నారు. అయినా వేళ్ళతో తడుముకుంటూ కుట్టేస్తుంది. సూదిలో దారం మాత్రం నేను ఎక్కించి ఇవ్వాలి. ఆమె కుట్టుని వంద కుట్లలో కలిపేసినా నేను పట్టేస్తాను. మూడు చిన్న కుట్లు, ఒకటి వెనక్కి, మళ్ళీ మూడు. ఎవరు నేర్పారో ఆమెకే గుర్తులేదు.

షాపులో టీవీ ఉంటే పని సాగదంటారు. మా షాపులో టీవీ లేకపోతే గిరాకీ సాగదు. ఏడింటికి బ్లౌజు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు ఏడున్నర సీరియల్ చూసి, దాన్ని నాలుగు తిట్టి, ఎనిమిదింటికి ఇంటికి పోతారు. అలా ఒకరోజు కొత్త సీరియల్ మొదలైంది. కొత్తగా పెళ్ళైన అమ్మాయి. కొండమీద పెద్ద బంగళా. మాట తక్కువ మొగుడు. నడుముకి తాళాల గుత్తి దోపుకుని తిరిగే ముసలి పనిమనిషి. మేడమీద ఎప్పుడూ తాళం వేసి ఉండే గది. అది చచ్చిపోయిన మొదటి పెళ్ళాం గది అని, అటు వెళ్ళొద్దని ఆ అమ్మాయికి చెబుతారు. మూడో రోజు, ఆ అమ్మాయి మెట్ల కింద నిలబడి పైకి చూస్తూ ఉంటే, అమ్మ చేతిలో హుక్కు జారి కింద పడింది.

"ఇది మీ నాన్న సదివిన కతే," అంది.

నేను నమ్మలేదు. ఇలాంటివి వంద ఉంటాయిలే అన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. రేపు పనిమనిషి ఆ అమ్మాయి దువ్వెన మార్చేస్తుంది చూడు అంది. మర్నాడు మార్చింది. ఆ తరవాత కుక్క ఆ గది తలుపు దగ్గరికి వెళ్ళి పడుకుంటుంది అంది. పడుకుంది. అప్పుడు నాకూ గుర్తొచ్చింది.

మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. మూడు ఊళ్ళలో పనిచేశాడు. ఇప్పటికీ బజారులో తలనెరిసిన మనుషులు నన్ను ఆపి, మీ నాన్నగారే మాకు అక్షరాలు దిద్దించారమ్మా అంటారు. నాకూ ఆయనే దిద్దించాడు. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ నన్ను చంకనేసుకుని దేవరాపల్లిలో కన్నవారింటికి వెళ్ళిపోయింది. అన్నంలో రాయి తగిలిందని నాన్న విసిరిన కంచం అమ్మ కనుబొమ్మ మీద తగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఇంక రానని మూడు నెలలు అక్కడే ఉంది. చివరికి పెద్దలు కూర్చుని, మాస్టారి కోపం పాలపొంగు, ఆడది సర్దుకుపోవాలి అని తీర్పు చెప్పి పంపించేశారు.

తిరిగొచ్చాక నాన్న అమ్మకి నవల చదివి వినిపించడం మొదలుపెట్టాడు. అనకాపల్లిలో పాత పుస్తకాలమ్మేవాడి దగ్గర కొన్నది. అట్ట లేదు, పేరున్న పేజీ లేదు. ఏదో ఇంగ్లీషు నవలకి తెలుగు. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకున్నాడు. సాయంత్రం బడి నుంచి వచ్చి, టీ తాగి, అరుగు మీద కూర్చుని రోజుకి నాలుగైదు పేజీలు చదివేవాడు. అమ్మ చింతపండు పిక్కలు తీస్తూనో, బియ్యం ఏరుతూనో వినేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేటలు పట్టుకుని వచ్చి కూర్చునేవారు. పెళ్ళానికి కథ చదివి వినిపించే మొగుడు ఈ చోడవరంలో ఇంకెవరున్నారని మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయేదాన్ని.

ఊరందరికీ చదువు చెప్పినవాడు ఇంట్లో పెళ్ళానికి మాత్రం అ ఆలు నేర్పలేదు. ఇది ఎవరికీ వింతగా అనిపించలేదు. అమ్మ ఒకసారి అడిగింది కూడా, నాకూ నేర్పకూడదా అని. నాన్న నవ్వి, చదవడానికి నేనున్నాను కదా అన్నాడు. ఆ మాటకి అరుగు మీదున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. ఎంత ప్రేమో అన్నారు. వేలిముద్రలు వేసుకునేవాళ్ళు ఇంకో వేలిముద్రని చూసి నవ్వడం ఏమిటో నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు మాత్రం నేను వాళ్ళకంటే గట్టిగా నవ్వాను.

ఆ నవలలో అమ్మాయి ఎట్టకేలకి తాళంచెవి సంపాదిస్తుంది. మేడ ఎక్కుతుంది. తాళంలో చెవి తిప్పుతుంది. సరిగ్గా అక్కడ నాన్న పుస్తకం మూసేశాడు. ఇక్కణ్ణించి చెదలు తినేశాయి, ఒక్క ముక్క కూడా తెలియడం లేదు అన్నాడు. మరి ఆ పిల్ల ఏమైందని అమ్మ అడిగింది. పుస్తకంలోనే లేకపోతే నాకేం తెలుసు అన్నాడు. మర్నాడు అరుగు ఖాళీ అయిపోయింది. నాన్న మళ్ళీ ఏ పుస్తకమూ చదవలేదు.

అమ్మ మాత్రం ఆ గది దగ్గరే ఉండిపోయింది. నాకు జడ వేస్తూ అడిగేది, ఆ గదిలో ఏటుండి ఉంటాదే అని. నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తూ ఉంటే, తాళం వేసిన గది ఏదైనా ఉంటే ముందు అడిగి తెలుసుకో అని నా చెవిలో చెప్పింది. ఒకసారి నగలు ఉండి ఉంటాయి అనేది. ఒకసారి పసిబిడ్డ ఉండి ఉంటుంది అనేది. నాన్న పోయి తొమ్మిదేళ్ళైంది. ఆయన గురించి ఇన్నేళ్ళలో అంతగా అడగలేదు, ఆ పిల్ల గురించి అడిగినంత.

అందుకే ఆ సీరియల్ ఆమెకి కాలక్షేపం కాదు. తలుపు తెరుచుకోవాలి, అంతే. కన్ను పూర్తిగా పోయేలోపు ఆ గదిలోకి చూడాలి. ఎడమ కన్నులో చుక్కల మందు వేయించుకుంటూ, తలుపు తీసేదాకా ఈ కన్ను ఉంటాదంటావా అని నన్ను అడిగేది. పెళ్ళిళ్ళు మానేసింది. కరెంటు పోతే నా భుజం పట్టుకుని ఇన్వర్టర్ ఉన్న నాలుగో ఇంటికి నడిచేది. అక్కడ కుర్చీ టీవీకి మూరెడు దూరంలో వేసుకునేది, వెనక కూర్చున్న వాళ్ళ మనవలకి టీవీ కనబడకుండా.

వాళ్ళేమో సాగదీశారు. రెండో నెలలోనే ఆ అమ్మాయికి తాళంచెవి దొరికింది. దాన్ని కాకి ఎత్తుకుపోయింది. మళ్ళీ దొరికింది, నూతిలో పడింది. నూతిలోంచి తీశాక ఆ అమ్మాయికి గతం మర్చిపోయే జబ్బు వచ్చింది. గతం గుర్తొచ్చేసరికి ఆమెలాంటి ఇంకొక ఆమె వచ్చింది. తలుపు మీద చెయ్యి పెట్టడం, ఉరుము ఉరమడం, ఇంట్లో వాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ మూడేసి సార్లు చూపించడం, అయిపోవడం. నిద్రలో కూడా వడ్డాణం తియ్యని మనుషులు. తెర నిండా కమ్మే పొగ చూస్తే ఇంట్లో వంటా, శ్మశానమా అనిపించేది. నవలలో ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ఆరేళ్ళ వయసులో పగలే భయం వేసేది. నాన్న చదువుతూ ఉంటే ఆ మెట్ల మీద తడి వాసన కూడా వచ్చేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరో కష్టపడి కట్టిన ఇల్లు తెచ్చి, అందులో వీళ్ళు రోజుకొక పిల్లిమొగ్గ వేశారు. ఎత్తుకొస్తే ఎత్తుకొచ్చారు, కథ ఎవరి సొమ్మూ కాదనుకుందాం. ఎత్తుకొచ్చినదాన్ని పూర్తిగానైనా చెప్పాలి కదా.

బ్లౌజుల కోసం వచ్చేవాళ్ళు నన్నే అనేవారు. సీరియలే కదమ్మా, ఎందుకంత ఆవేశం, కట్టేసి ఊరుకో అని. కట్టేస్తే అమ్మ ఊరుకోదు.

రెండేళ్ళకి తలుపు తెరుచుకుంది. ఆ రోజు షాపులో పదిమంది ఉన్నారు. అమ్మ టీవీకి అంటుకుపోయి నిలబడింది. గదిలోంచి పొగ వచ్చింది. పొగలోంచి మొదటి పెళ్ళాం దెయ్యమై, జుట్టు విరబోసుకుని గాలిలో తేలుతూ వచ్చింది. మాంత్రికుడొకడు నిమ్మకాయలు విసిరాడు. ఆ అమ్మాయి తాళిబొట్టు కళ్ళకద్దుకుని దేవుణ్ణి పిలిస్తే దెయ్యం భగ్గున మండిపోయింది. మొగుడు ఇన్నాళ్ళూ ఆమెని పెట్టిన బాధలన్నీ దెయ్యమే పెట్టించిందట. ఆమె వెళ్ళి మొగుడి కాళ్ళమీద పడి, నిన్ను అనుమానించాను క్షమించమని ఏడ్చింది. శుభం. కొండని తవ్వి ఎలుకని పట్టారు, అదీ చచ్చిన ఎలుక. షాపులో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

అమ్మ వచ్చి చాప మీద కూర్చుంది. "ఇది కాదు," అంది.

ఆఖరు నువ్వు వినలేదు కదా, ఇది కాదని నీకెలా తెలుసు అన్నాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కి ఉంది, ఆ విసుగు ఆమె మీద చూపించాను.

"ముందర నుంచీ ఇన్నాను గదే. ఆ పిల్ల కాళ్ళమీద పడే గుంట కాదు."

ఆ మర్నాడు అమ్మ సూది ముట్టలేదు. హుక్కులు పళ్ళెంలో అలాగే ఉన్నాయి. అన్నం సగం వదిలేసింది. ఇంక నాకు పని మీద మనసు నిలవలేదు. చెదలు తినగా మిగిలిన ముక్కలేవైనా ఉంటే, నాలుగు మాటలైనా ఏరి వినిపిద్దామని స్టూలు వేసుకుని అటక ఎక్కాను. నాన్న ట్రంకు పెట్టె దించాను. రిటైరైన రోజున కప్పిన శాలువా, సన్మాన పత్రం, హాజరు పట్టీలు. అడుగున క్యాలెండరు అట్టతో ఆ పుస్తకం.

ఎక్కడా చెద లేదు. ఒక్క చిల్లు లేదు. చివరి ఇరవై పేజీలు మాత్రం కలిపి, మూడు వైపులా తెల్లదారంతో కుట్టేసి ఉన్నాయి. దారం గోధుమరంగుకి తిరిగింది గానీ ఎక్కడా తెగలేదు. పరీక్ష పేపర్లకి దారం కట్టినట్టు నాన్నే కట్టాడనుకున్నాను ముందు. తరవాత వెలుతురులో పెట్టి చూశాను. మూడు చిన్న కుట్లు, ఒకటి వెనక్కి, మళ్ళీ మూడు.

పుస్తకం తీసుకొచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాను. ఆమె అంచు వెంబడి బొటనవేలితో తడుముకుంటూ వెళ్ళింది. ఒక మూల ఆగింది.

"ఇది నా కుట్టే," అంది. "మీ నాన్నే కుట్టీమన్నారు. సెదలు తిన్న కాయితాలు, పొడి రాలిపోతాది, సుట్టూ గట్టిగా కుట్టీ అన్నారు. కాయితాలు బాగానే ఉన్నాయి గదా అనిపించినాది నాకు. సదువుకున్న మనిషి సెప్పేక నేనేటంటాను?"

రెండేళ్ళు ఎవరినో తిట్టాను. మొహం తెలియనివాణ్ణి, ఊరు తెలియనివాణ్ణి. ఇక్కడ మా ఇంట్లోనే, గోడమీద దండ వేసుకుని, నేను రోజూ అగరబత్తి వెలిగిస్తున్న మనిషి ఉన్నాడు. సీరియల్ వాళ్ళు కథ మార్చారు, సరే. వాళ్ళకి మా అమ్మ ఎవరో తెలియదు. ఈయనకి తెలుసు. పక్కన కూర్చుని బియ్యం ఏరుతున్న మనిషికి ఏం వినిపించాలో, ఎక్కడ ఆపాలో లెక్క చూసుకుని మరీ ఆపాడు. పైగా ఆ కథ నోరు మూసే పని ఆమె చేతే చేయించాడు, ఆమె సూదితో, ఆమె దారంతో. ఆమె ఎంత శ్రద్ధగా కుట్టిందంటే, ఇన్నేళ్ళకి కూడా ఒక్క కుట్టు వదులు కాలేదు. పెద్దమనిషి, మాస్టారు, దేవుడులాంటివాడు. ఊరంతా దీపాలు పెట్టాడని సన్మాన పత్రంలో రాశారు. నేను ఆ పత్రాన్ని చింపలేదు గానీ, చింపేదాన్నే, అమ్మ అప్పుడే పిలిచింది.

"ఇప్పేయే," అంది.

షాపు షట్టరు సగానికి దించి, బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపాను. పట్టపగలు. చదవడం మొదలుపెట్టాను.

గదిలో దెయ్యం లేదు. నగలు లేవు, పసిబిడ్డ లేదు. కిటికీ ఉంది, దాని కింద బల్ల, బల్ల మీద రిబ్బనుతో కట్టిన ఉత్తరాల కట్ట. మొదటి పెళ్ళాం చచ్చిపోలేదు. ఒకరోజు పొద్దున్నే లేచి వెళ్ళిపోయింది. పెళ్ళాం వదిలేసి పోయిందంటే పరువు పోతుందని మొగుడు ఖాళీ శవపెట్టె పాతిపెట్టించి, చచ్చిపోయిందని చెప్పుకున్నాడు. ఆ ఉత్తరాలు, తన తరవాత ఆ ఇంటికి రాబోయే ఆడదాని కోసం ఆవిడ రాసిపెట్టినవి. ఏ రోజు ఏం జరిగిందో, తను ఎందుకు ఉండలేకపోయిందో అన్నీ ఉన్నాయి అందులో. ఈ అమ్మాయి నేలమీద కూర్చుని చివరిదాకా చదివింది. తన పెట్టె సర్దుకుంది. మెట్లు దిగింది. ముసలి పనిమనిషి గేటు తీసి పట్టుకుంది. అమ్మాయి బండి కోసం కూడా ఆగకుండా రోడ్డెక్కి నడిచింది.

దేవరాపల్లి నుంచి వెనక్కి వచ్చిన నాలుగో నెలలో నాన్న దీన్ని అమ్మకి ఎందుకు వినిపించలేదో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. నాన్నని ఒక్క తిట్టైనా తిడుతుందనుకున్నాను, తిట్టాలని నాకు ఉంది. ఆమె తన చీర మీద పడిన తెల్లదారం ముక్కలు ఒక్కొక్కటీ ఏరి పళ్ళెంలో వేసింది. ఆ ఉత్తరాలు చదివిన చోటు మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"ఎల్లిపోనాదన్నమాట," అంది. "ఆ పిల్లకి సదువొచ్చు. ఉత్తరాలు సదువుకుంది, ఎల్లిపోనాది. నాకు ఆ తాళం చేతికిచ్చినా ఏటి లాభమే? తలుపు తీసి, గది తుడిసి, ఆ ఉత్తరాలకి దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టీసి వచ్చీదాన్ని."

అప్పుడు అన్నాను, నాన్న నేర్పి ఉండాల్సింది, నేర్పకపోవడం పాపం, అలాంటి మనిషికి దండ వేస్తున్నాను చూడు, రేపటి నుంచి వెయ్యను అని. నోటికొచ్చిందల్లా అన్నాను. అమ్మ నన్ను అనిచ్చింది. అంతా అయ్యాక నా వైపు మొహం తిప్పింది. ఆ సగం కన్నుకి నేను ఎంత కనబడ్డానో తెలియదు.

"మరి నువ్వు నేర్పనేదేటే? పదో తరగతి సదివేవు. ఇన్నేళ్ళూ నా పక్కనే కూసున్నావు గదా."

నిష్ఠూరంగా అనలేదు. హుక్కులు అయిపోయాయి, తేవే అన్నట్టే అడిగింది. ఇప్పుడు నేర్పుతానమ్మా అనబోయాను. సూదిబెజ్జం కనబడని మనిషికి ఏ అక్షరం చూపిస్తాను? షట్టరు కింది నుంచి ఎవరో, బ్లౌజు అయిందా అమ్మా అని అడుగుతున్నారు. అమ్మ సూది నా వైపు చాపింది. దారం తడి చేసి, ఎక్కించి, చేతికిచ్చాను.